హైడ్రాలిక్ క్లచ్ – ఎడమ పాదానికి తెలియవలసిన సంగతులు

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి పండుగనాడు క్లచ్ పెడల్ గురించి ప్రసంగమేమిటని కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. అయితే ఈ ఊరు హోసూరు. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో ఇక్కడి నుండే దేశం మీదికి వెళ్ళింది. అశోక్ లేలాండ్ కర్మాగారం వెలసినదీ ఆ రోజులలోనే. ఇంట తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం మాట్లాడుతూ పెరిగిన పిల్లలు ఈ బడిలో తెలుగున భౌతికశాస్త్రం చదువుకొని, ఆ కర్మాగారాల గేట్లలోకి నడిచి వెళ్ళారు. ఈనాటి సభలో ఉన్నవారిలో రోజూ అత్తిబెలె దాటి, చందాపుర మీదుగా సిల్క్ బోర్డు కూడలి దాకా కారు నడిపేవారూ ఉన్నారు. ఆ దారిలో ఎడమ కాలు క్లచ్‌ను ఎన్నిమార్లు తొక్కుతుందో లెక్కపెట్టినవారు లేరు. సాయంత్రానికి మోకాలే ఆ లెక్క చెబుతుంది.

మెకానిక్ షెడ్డుకు వచ్చే కోరికలు సాధారణంగా రెండు విధాలు. పెద్దలు వచ్చి, "పెడల్ బరువెక్కింది, కాస్త తేలిక చేయండి" అంటారు. కుర్రవారు వచ్చి, "పెడల్ మరీ మెత్తగా ఉన్నది, క్లచ్ ఎక్కడ పట్టుకుంటున్నదో తెలియడం లేదు, స్పర్శ కావాలి" అంటారు. రెండూ ఒకే పెడల్ గురించిన ఫిర్యాదులే అయినా, ఒకదానికి చేసే చికిత్స రెండవదానికి అపకారం కావచ్చు. తేలికదనం వేరు, స్పర్శ వేరు. పాదం ఎంత శ్రమపడుతున్నదన్నది మొదటిది. లోపల జరుగుతున్నది పాదానికి ఎంతవరకు తెలుస్తున్నదన్నది రెండవది. ఈ భేదం తెలియక చేసిన మార్పులవల్లనే డబ్బూ పోతున్నది, అప్పుడప్పుడు ప్రాణం మీదికీ వస్తున్నది.

ఈ బల్ల మీద ఉన్న పరికరం చాలా చిన్నది. ఒక చిన్న సిరంజి, ఒక పెద్ద సిరంజి, రెండింటినీ కలిపే ప్లాస్టిక్ గొట్టం, లోపల నీళ్ళు. చిన్న సిరంజి పిడిపై ఎనిమిదవ తరగతి అమ్మాయి బొటనవేలు ఉంచింది. పెద్ద సిరంజి పిడిని అరచేతితో ఆపవలసిందిగా వ్యాయామోపాధ్యాయులను కోరడం జరిగింది. అమ్మాయి నొక్కగానే ఆయన చేయి వెనక్కు జరిగింది. సభలో నవ్వులు వినిపించినవి గాని, ఆయన బలంలో లోపమేమీ లేదు. ఇది పాస్కల్ నియమం. మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిక్కులకు సమానంగా ప్రసరిస్తుంది. పెద్ద ముషలకం వైశాల్యం ఎక్కువ కనుక దానిపై పడే బలమూ ఎక్కువ. బ్లేజ్ పాస్కల్ రచన ఆయన మరణానంతరం 1663లో అచ్చయింది. ఆ సూత్రంతో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందినది 1795లో. కారులో పెడల్ దగ్గర ఉండే మాస్టర్ సిలిండరు ఆ చిన్న సిరంజి. గేర్‌బాక్సు దగ్గర ఉండే స్లేవ్ సిలిండరు ఈ పెద్ద సిరంజి. అంతకుమించిన రహస్యమేమీ లేదు.

అయితే ఇందులో గమనించవలసినది మరొకటి ఉన్నది. అమ్మాయి బొటనవేలు ఎంతో దూరం ప్రయాణించినది; ఉపాధ్యాయుల చేయి కొద్దిగానే కదిలింది. బలం పెరిగితే దూరం తగ్గుతుంది. ప్రకృతి ఇక్కడ అణా కూడా అప్పివ్వదు.

దీనినే అంకెలలో చూడవచ్చు. లెక్క సులభంగా ఉండడానికి ఎంచుకొన్న కొలతలివి. పెడల్ మీట నిష్పత్తి 6, మాస్టర్ సిలిండరు వ్యాసం 16 మిల్లీమీటర్లు, స్లేవ్ సిలిండరు వ్యాసం 20 మిల్లీమీటర్లు, లోపలి ఫోర్కు నిష్పత్తి 1.6 అనుకుందాం. పాదం 10 కిలోల బలంతో నొక్కితే మాస్టర్ కడ్డీపై 60 కిలోలు పడుతుంది. వైశాల్యాల నిష్పత్తి 1.5625 కనుక స్లేవ్ వద్ద అది 93.75 కిలోలవుతుంది. ఫోర్కు దాటి రిలీజ్ బేరింగును చేరేసరికి 150 కిలోలు. పాదం పెట్టిన బలానికి పదిహేను రెట్లు! ఇక దూరం సంగతి. పెడల్ 150 మిల్లీమీటర్లు దిగితే మాస్టర్ కడ్డీ 25 మిల్లీమీటర్లు జరుగుతుంది, స్లేవ్ 16, బేరింగు కేవలం 10. ప్లేటు ఫ్లైవీలు నుండి శుభ్రంగా విడివడడానికి 9 మిల్లీమీటర్లు కావాలనుకుంటే, ఆ కారు నిర్మాత ఉంచిన వెసులుబాటు ఒక్క మిల్లీమీటరు.

ఇప్పుడు పెడల్ బరువుగా ఉన్నదని ఎవరో 20 మిల్లీమీటర్ల స్లేవ్ తీసి 22 మిల్లీమీటర్లది బిగించారనుకుందాం. పాదం నొక్కవలసిన బలం 10 కిలోల నుండి సుమారు 8.3 కిలోలకు దిగుతుంది. యజమాని సంతోషంతో ఇంటికి వెళతాడు. కాని బేరింగు జరిగే దూరం కూడా 8.3 మిల్లీమీటర్లకు పడిపోయింది, కావలసినవి 9. క్లచ్ పూర్తిగా విడిపోదు. గేరు మార్చేటప్పుడు గరగరమంటుంది, రివర్సు గేరు అసలే పడనంటుంది. నెల తిరిగేసరికి గేర్‌బాక్సులోని సింక్రో రింగులు అరిగి, కొన్ని వందల రూపాయల కోరిక వేల రూపాయల బిల్లుగా తిరిగి వస్తుంది. దీనికి విరుద్ధంగా, స్పర్శ కోసమని 18 మిల్లీమీటర్ల స్లేవ్ పెట్టినవారి పెడల్ సుమారు 12.3 కిలోలు బరువెక్కుతుంది. బేరింగు 12 మిల్లీమీటర్లకు పైగా జరిగి డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్ళను హద్దు దాటించి వంచుతుంది. సిలిండరు వ్యాసం మార్చడం చూపుకు చిన్న పని. లెక్క తెలియకుండా చేస్తే అంత పెద్ద తప్పు మరొకటి లేదు.

అసలు ప్రశ్న వేరే ఉన్నది. కొన్ననాడు తేలికగా ఉన్న పెడల్ ఇప్పుడెందుకు బరువెక్కింది?

మామూలు డయాఫ్రమ్ క్లచ్‌లో ప్లేటుపై ఉన్న లైనింగు అరిగేకొద్దీ ఆ స్ప్రింగు కూర్చునే భంగిమ మారుతుంది. దానిని వంచడానికి కావలసిన బలం క్రమంగా పెరుగుతుంది. అంటే బరువెక్కిన పెడల్ చాలాసార్లు అరిగిన క్లచ్ వినిపించే విన్నపం. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800లో క్లచ్‌ను లాగేది ఇనుప తీగ. ఆ కారుతో డ్రైవింగు నేర్చుకున్నవారికి ఒక సంగతి గుర్తుండవచ్చు. లైనింగు అరిగేకొద్దీ పెడల్‌లోని ప్లే తగ్గి, సరిచేయమని తీగ ముందే హెచ్చరించేది. హైడ్రాలిక్ క్లచ్ ఆ అరుగుదలను తనలో తానే సర్దుకుంటుంది. అది సుఖమే, కాని ఆ సుఖం చాటున సమాచారం మరుగున పడుతుంది. మిగిలిన ఒకే ఒక్క హెచ్చరిక ఆ బరువు. దానిని పెద్ద స్లేవ్ సిలిండరుతో మూసివేయడం జ్వరమాపకాన్ని పగులగొట్టి జ్వరం తగ్గిందనుకోవడం వంటిది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి కొత్తవి వేస్తే పెడల్ చాలావరకు పూర్వపు తేలికదనానికి వస్తుంది. దీనికి మార్పు అన్న పేరు అక్కరలేదు, మరమ్మతు అంటే చాలు.

మెత్తదనం ఫిర్యాదుకూ ముందుగా చూడవలసినది మరమ్మతే. మళ్ళీ ఈ సిరంజీల వద్దకే రావాలి. గొట్టంలోకి ఇప్పుడు ఒక గాలి బుడగను పంపడం జరిగింది. అమ్మాయి అంతే బలంతో నొక్కుతున్నది. చిన్న పిడి దిగుతున్నది గాని, పెద్ద పిడి కదలడానికి ఆలస్యమవుతున్నది. ద్రవం కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. పాదం పెట్టిన శ్రమలో కొంత బుడగను నలపడానికే ఖర్చవుతున్నది. స్పాంజిని తొక్కినట్లున్న పెడల్‌కు మొట్టమొదటి అనుమానితుడు ఈ బుడగే.

గాలి తీయడం ఇద్దరు చేయవలసిన పని. ఒకరు సీటులో, ఒకరు కారు కింద. కిందివారు "తొక్కు" అన్నప్పుడు పైవారు నెమ్మదిగా తొక్కి పట్టాలి. నిప్పిలు వదులు చేయగానే బుడగలతో ద్రవం వస్తుంది. నిప్పిలు బిగించిన తరువాతనే "వదులు" అనాలి. ఈ వరుస తప్పితే బయటకు పోయిన గాలి మళ్ళీ లోపలికే వస్తుంది. పై డబ్బాలో ద్రవం అడుగంటకుండా మధ్యమధ్య పోస్తుండాలి. తండ్రీ కొడుకులు కలిసి ఒక ఆదివారం ఉదయం చేసుకోదగిన పని ఇది. కారు కింద ఉన్నవారి మాట సీటులో ఉన్నవారు వినడమన్నది మాత్రం కొన్ని ఇళ్ళలో గాలి తీయడం కన్నా కష్టం. ఇంకొక జాగ్రత్త. కారును జాకీ ఒక్కదానిపైనే నిలిపి కిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు ఉండి తీరవలసిందే.

ద్రవం గురించి రెండు మాటలు. క్లచ్‌లో సాధారణంగా వాడేది బ్రేకు ద్రవమే, డాట్ 3 గాని డాట్ 4 గాని. ఇవి గ్లైకాల్ జాతివి. గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 3 మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు, డాట్ 4కు 230 డిగ్రీలు ఉండవలెనని ప్రమాణం. తేమ పీల్చిన తరువాత ఆ కనీసాలు 140, 155 డిగ్రీలకు దిగుతాయి. ఇంజను వేడి పక్కనే ఉండే స్లేవ్‌లో, మే నెల ఎండలో, గంటసేపు నత్తనడక ట్రాఫిక్‌లో ఆ తేమ ఆవిరియై బుడగ కడుతుంది. ఉదయం బాగున్న పెడల్ మధ్యాహ్నం మెత్తబడడానికి ఇది ఒక కారణం. కారు పుస్తకం చెప్పిన గడువుకు ద్రవం మార్చాలి. చాలా కార్లకు అది రెండేళ్ళు. అందుబాటులో ఉన్నది కదా అని ఇంజనాయిలు గాని మరే ఖనిజ తైలం గాని ఒక్క చెంచా పోసినా సిలిండరులోని రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. పెడల్ ఇరుసులోని బుష్షులు అరిగి కదలడం, పాత రబ్బరు హోసు ఉబ్బడం, కప్పు పక్కనుండి ద్రవం ఊరడం కూడా చూడవలసినవే. ఇవన్నీ సరిచేసిన తరువాత, మార్పు కావాలని వచ్చినవారిలో చాలామందికి ఇక మార్పు అక్కర ఉండదు.

అయినా కావాలనుకునేవారి కోసం మిగిలిన సంగతులు.

రబ్బరు హోసు స్థానంలో పైన ఉక్కు తీగల అల్లిక, లోపల టెఫ్లాన్ గొట్టం గల హోసు వేయడం అన్నింటిలో నిరపాయకరమైనది. పీడనానికి అది తక్కువగా ఉబ్బుతుంది కనుక పాదం కదలిక స్లేవ్‌కు నష్టం లేకుండా చేరుతుంది. కాని మంచి రబ్బరు హోసు ఉన్న కారులో తేడా ఊహించినంత ఉండదు. పైగా ఆ రబ్బరు మరొక పని కూడా చేస్తున్నది: ఇంజను అదురును వడగట్టి పాదానికి చేరనీయకుండా ఆపుతున్నది. హోసు మార్చిన తరువాత పెడల్ సన్నగా జలదరిస్తున్నదని వచ్చేవారున్నారు. స్పర్శ కావాలని అడిగినప్పుడు అదురు కూడా స్పర్శలో భాగమేనని వారికి ఎవరూ చెప్పి ఉండరు.

కొన్ని కార్లలో పెడల్ వద్దనే ఒక సహాయక స్ప్రింగు ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఇందుకు ఉదాహరణ. పెడల్ పైన ఉన్నప్పుడు ఆ స్ప్రింగు పెడల్‌ను పైకే నెడుతుంది. కొంత దిగగానే దాని ఒత్తిడి దిశ మారి పాదానికి తోడుగా కిందికి నెడుతుంది. పాదానికి తేలిక. అయితే క్లచ్ పట్టుకునే చోట పాదానికి తెలియవలసిన సూక్ష్మమైన ఒత్తిడి ఆ తోడ్పాటులో కలిసిపోయి మసకబారుతుంది. దానిని తీసివేస్తే పెడల్ బరువెక్కుతుంది, కాని పట్టు స్థానం స్పష్టమవుతుంది. ఇది ఖర్చు లేని మార్పు. నచ్చకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. తెరచి ఉన్న రోడ్డుపై ఆనందం కోసం కారు నడిపేవారికి ఇది సరిపోతుంది. సిల్క్ బోర్డు దాకా పోయి వచ్చేవారు, ముఖ్యంగా మోకాలు బాధించేవారు, దీని జోలికి పోకపోవడమే మేలు.

అన్నిటికన్నా ఎక్కువగా చర్చకు వచ్చేది ఆలస్య కవాటం. బల్ల మీది గొట్టం మధ్య ఇప్పుడు ఒక సన్నని సూదిని అమర్చడం జరిగింది. అమ్మాయి పిడిని చటుక్కున వదిలినా పెద్ద పిడి నెమ్మదిగానే తిరిగి వస్తున్నది. సన్నని రంధ్రంలోంచి ద్రవం తొందరగా పోలేదు. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో, అందునా 1998లో మొదలైన ఈ46 తరం కార్లలో, క్లచ్ గొట్టంలో ఇటువంటి కవాటమొకటి ఉన్నది. దాని పని ప్రధానంగా తిరుగు ప్రవాహాన్ని నిదానింపజేయడం. డ్రైవరు పాదం ఎంత చటుక్కున లేచినా క్లచ్ ఒక్క ఉదుటున పట్టుకోదు. గేర్‌బాక్సుకు, ఇరుసులకు దెబ్బ తగలదు. కాని నిపుణుడైన డ్రైవరుకు ఇదే విసుగు. పాదం ఒకటి చెబుతుంటే క్లచ్ మరొకటి చేస్తుంది. పట్టు స్థానం ఈసారి ఒకచోట, మరుసారి మరొకచోట తగిలినట్లు ఉంటుంది. మొదటి గేరు నుండి రెండవ గేరుకు మార్చేటప్పుడు ప్లేటు కొద్దిసేపు జారి, కారు కుదుపుతుంది. ఆ కవాటాన్ని తీసి, లోపలి అడ్డు లేని దానిని అమర్చడం ఆ కార్ల యజమానులలో చాలా ప్రసిద్ధమైన మార్పు.

దీనిలో మేలు నిజమైనదే. పాదానికీ ప్లేటుకూ మధ్యనున్న తెర తొలగిపోతుంది. అయితే కవాటం చేసే కాపలా పని ఇక పాదం చేయాలి. నేర్చిన పాదం చేస్తుంది, నేర్వనిది చేయదు. ఒకే కారును తండ్రి, కొడుకు, కొత్తగా లైసెన్సు తీసుకున్న కోడలు నడిపే ఇంట్లో ఈ మార్పు చేయించేవారు ముగ్గురి పాదాలనూ తలచుకోవాలి. వారంటీ మిగిలి ఉన్న కారైతే కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చునన్నది సరేసరి.

ఇక ప్రాణం మీదికి వచ్చే రెండు సంగతులు మిగిలినవి. షెడ్డులలో ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇవే గనుక వీటిపై కాస్త నిలిచి మాట్లాడవలసి ఉన్నది.

పట్టు స్థానం మరీ కింద ఉన్నదని కొందరు మాస్టర్ సిలిండరు కడ్డీని పొడవు చేస్తారు. రెండు మరలు తిప్పితే చాలు, ఫలితం వెంటనే కనిపిస్తుంది. కాని పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడు కడ్డీకీ ముషలకానికీ నడుమ కొంచెం ఖాళీ ఉండి తీరాలి. ఆ ఖాళీ లేకపోతే ముషలకం పూర్తిగా వెనక్కు రాదు. సిలిండరును డబ్బాతో కలిపే చిన్న రంధ్రం మూసుకొనే ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ద్రవం డబ్బాలోకి తిరిగి పోవడానికి దారి ఉండదు. అది క్లచ్‌నే నొక్కుతుంది. ఎవరూ తొక్కకుండానే క్లచ్ సగం తొక్కినట్లవుతుంది. కృష్ణగిరి వైపు ఘాటు ఎక్కుతున్నప్పుడో, లారీని దాటుతున్నప్పుడో ఇంజను గర్జిస్తుంది గాని కారు ముందుకు సాగదు. పెడల్ ప్లే ఎంత ఉండాలో కారు పుస్తకంలో మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. ఆ అంకెను దాటి ఏ స్పర్శా లేదు.

రెండవది ఇంతకన్నా తీవ్రమైనది. చాలా కార్లలో క్లచ్‌కు ప్రత్యేకంగా ద్రవం డబ్బా ఉండదు. బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా. క్లచ్ గొట్టం కనుక కారితే బ్రేకు ద్రవం కూడా దానితో పోతుందేమోనని తెలిసిన నిర్మాతలు క్లచ్ గొట్టాన్ని డబ్బా గోడకు కొంత ఎత్తున తగిలించి ఉంచుతారు. క్లచ్ ఖాళీ అయినా ఆ ఎత్తుకు కిందనున్న ద్రవం బ్రేకుల కోసం మిగులుతుంది. మార్పులు చేసే తొందరలో మరొక కారు డబ్బాను తెచ్చి పెట్టడం, గొట్టాన్ని అడుగు నుండి తీయడం, సరిపడని రబ్బరు గొట్టాన్ని వైరుతో బిగించడం వంటివి జరిగితే, ఎడమ పాదం సుఖం కోసం చేసిన పని కుడి పాదం కింది బ్రేకును హరిస్తుంది. పైనుండి చూసినవారికి క్లచ్ పెడల్ బాగానే ఉన్నట్లుంటుంది. డబ్బా మూత తీసి చూసినవారికే తెలుస్తుంది.

అందుచేత క్లచ్‌పై ఏ పని చేయించినా తరువాత వారం రోజులు రోజూ ఉదయం బానెట్ ఎత్తి, ఆ డబ్బాపై కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ద్రవం ఎక్కడున్నదో చూడాలి. పెన్సిలుతో ఒక గీత గీసి ఉంచితే ఇంకా మంచిది. మట్టం దిగితే ఎక్కడో కారుతున్నదని అర్థం. ద్రవం పోసి ఊరుకోవడం కాదు, కారుతున్న చోటు వెతకాలి. కారు లోపల మాస్టర్ కడ్డీ కింద కార్పెట్టు తడిసి ఉన్నదా, గేర్‌బాక్సు కింద నేలపై చుక్కలున్నవా అని చూడాలి. స్లేవ్ సిలిండరు గేర్‌బాక్సు లోపలే, ఇరుసు చుట్టూ ఉంగరంలా అమర్చిన కార్లున్నవి. వాటిలో కారుడు ముందుగా పైకి కనిపించదు. అటువంటి కారులో క్లచ్ ప్లేటు కోసం గేర్‌బాక్సు దించినప్పుడే ఆ సిలిండరునూ మార్చివేయడం తెలివైన పని. దాని కోసమే మరల గేర్‌బాక్సు దించాలంటే కూలి రెండింతలవుతుంది.

ఈ సిరంజీలు, గొట్టం, సూది ప్రసంగానంతరం పాఠశాల ప్రయోగశాలకు అందజేయబడతాయి. తల్లిదండ్రులలో ఎవరికైనా సందేహముంటే సభ ముగిసిన తరువాత బల్ల వద్దకు వచ్చి స్వయంగా నొక్కి చూడవచ్చు. గాలి బుడగ ఇంకా గొట్టంలోనే ఉన్నది. దానిని తీయడానికి ఇద్దరు కావాలి.